చర్మపు తాడుకు రాగి ముడి

హైదరాబాదుకు తూర్పున ఉన్న లాల్ బహదూర్ నగర్ కూడలిని జనం ఎల్.బి. నగర్ అంటారు. అక్కడ నాలుగు దారులు కలుస్తాయి. ఒకటి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా నగరంలోనికి పోతుంది. రెండవది హయత్‌నగర్, చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా విజయవాడకు పోతుంది. మూడవది ఇబ్రహీంపట్నం దాటి, నల్లగొండ జిల్లా పల్లెల మీదుగా నాగార్జునసాగరానికి పోతుంది. నాలుగవది నాగోలు, ఉప్పల్ వైపు సాగి తార్నాకకు దారి చూపుతుంది.

రాగికీ మానవ శరీరానికీ గల సంబంధాన్ని తెలిసికొనగోరే వారికి ఈ కూడలి మంచి ఆరంభస్థానం. దిల్‌సుఖ్‌నగర్ దారి వెంట మందుల షాపులలోను, అలంకరణ సామగ్రి దుకాణాలలోను ఈనాడు రాగి పెప్టైడు కలిపిన ద్రవాలు చిన్నచిన్న సీసాలలో అమ్ముడవుతున్నవి. ముఖానికి రాసుకొంటే ముడతలు తగ్గి చర్మం మరల పడుచుదనం పొందుతుందని వాటి ప్రకటనలు చెప్తాయి. సాగర్ దారిన పోతే వచ్చే పల్లెలలో 1970 ప్రాంతాలలో మరొక ప్రశ్న పుట్టినది: ఇక్కడి పిల్లల కాళ్లు వంకరపోవడానికి శరీరంలోని రాగి తరిగిపోవడం కూడ ఒక కారణమా? ఆ ప్రశ్నను పరీక్షకు పెట్టిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉన్నది. ఒక దారిలో రాగి అమ్మకపు సరుకు. రెండవ దారిలో అది కరవైనదేమో అన్న అనుమానం. మూడవ దారిలో ఆ అనుమానానికి తూకం. ఈ మూడింటినీ కలిపి చూస్తేనే రాగి కథ పూర్తిగా అర్థమవుతుంది.

రాగి తెలుగువారికి కొత్త లోహం కాదు. రాగి చెంబులో రాత్రి పోసి ఉంచిన నీటిని ఉదయం త్రాగే అలవాటు మన ఇండ్లలో ఉన్నది. ఆయుర్వేద వైద్యులు తామ్రభస్మం వాడుతారు. రైతులు తెగుళ్లకు మైలుతుత్తం వాడుతారు. ఆ మైలుతుత్తం రాగి లవణమే. దాని నీలివన్నె రాగి వలన వచ్చినదే. సీసాలోని రాగి పెప్టైడుకు ఉన్న నీలిరంగు కూడ అటువంటిదే. ఐతే శరీరం లోపల రాగి చేసే పని ఏమిటో ఇరవయ్యవ శతాబ్దిలోగాని తెలియలేదు.

మూడు పురుల తాడు

చర్మం పైకి పలుచని పొరవలె కనిపించినా, దాని బలమంతా లోపలి పొరలో ఉన్నది. ఆ లోపలి పొరను ఎండబెట్టి తూచితే నూటికి 70 పాళ్లకు పైగా కొల్లాజెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. ఎముకలకు, స్నాయువులకు, రక్తనాళాల గోడలకు కూడ ఇదే ఆధారం.

కొల్లాజెన్ నిర్మాణాన్ని విప్పి చూపిన ఘనత మన దేశానిదే. 1952లో మద్రాసుకు వచ్చిన శాస్త్రజ్ఞుడు జె.డి. బెర్నాల్, కొల్లాజెన్ నిర్మాణం ఇంకను తేలలేదని మద్రాసు విశ్వవిద్యాలయ ఆచార్యుడు జి.ఎన్. రామచంద్రన్‌తో చెప్పాడు. రామచంద్రన్, ఆయన సహచరుడు గోపీనాథ్ కర్తా కంగారూ తోక స్నాయువు మీద ఎక్స్ కిరణాలు ప్రసరింపజేసి, 1954, 1955 సంవత్సరాలలో దాని ఆకృతిని వెల్లడించారు. తాడు పేనేవాడు మూడు పురులను కలిపి మెలిపెట్టినట్లు, కొల్లాజెన్ అణువులో మూడు పోగులు ఒకదానితో ఒకటి మెలివేసుకొని ఉంటాయి.

ఐతే ఒక్కొక్క తాడు ఎంత గట్టిగా ఉన్నా, పక్కపక్కనున్న తాళ్లు జారిపోకుండ ముడులు వేయకపోతే వల నిలవదు. తోళ్లు పదును చేసేవారికి ఈ సంగతి అనుభవంలో తెలుసు. పచ్చితోలు కుళ్లిపోతుంది, తంగేడు చెక్క, కరక్కాయల రసంలో నానిన తోలు ఏండ్ల తరబడి ఉంటుంది. ఆ రసంలోని పదార్థాలు కొల్లాజెన్ పోగులను ఒకదానితో ఒకటి బంధించడమే దీనికి కారణం. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మ ఈ శాస్త్రానికే జీవితాన్ని అంకితం చేశాడు. మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు 1958 నుండి 1971 వరకు ఆయన సంచాలకుడుగా ఉన్నాడు.

చచ్చిన తోలులో ముడులు వేసేది తంగేడు చెక్క. మరి బ్రతికి ఉన్న చర్మంలో ఆ ముడులు వేసేది ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోయినవారికి చివరకు రాగి ఎదురుపడినది. కాని వారు ఆ వెదుకులాటను మొదలుపెట్టినది చర్మంతో కాదు.

రాగి కరవైనప్పుడు

ఒక వస్తువు చేసే మేలు అది లేనప్పుడే తెలుస్తుంది. రాగి విషయంలో ఈ మాట అక్షరాల నిజమైనది. 1928లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హార్ట్, స్టీన్‌బాక్, వాడెల్, ఎల్వెజెమ్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకలకు పాలు మాత్రమే పోసి పెంచారు. వాటి రక్తం పాలిపోయినది. ఇనుము ఒక్కటే ఇస్తే రక్తం పుంజుకొనలేదు. ఇనుముతోబాటు రవ్వంత రాగి ఇచ్చినప్పుడు పుంజుకొన్నది. జంతువులకు ఆహారంలో రాగి అవసరమని ఆ విధంగా రుజువైనది.

తరువాతి సాక్ష్యం గొర్రెలు ఇచ్చాయి. 1930-40 మధ్య పశ్చిమ ఆస్ట్రేలియాలో కొన్ని మేతభూములలో పుట్టిన గొర్రెపిల్లలు నడుములు పట్టు తప్పి కూలిపోయేవి. పెద్ద గొర్రెల ఉన్నికి ఉండవలసిన సన్నని వంకులు పోయి, అది ఉక్కుతీగవలె నిటారుగా పెరిగేది. ఆ నేలలో రాగి తక్కువని పశువైద్యుడు బెన్నెట్స్ 1937లో చూపించాడు. గొర్రెలకు రాగి లవణం ఇస్తే వ్యాధి తొలగినది.

1961, 1962 సంవత్సరాలలో అమెరికాలో కోడిపిల్లలను, పందిపిల్లలను రాగి లేని మేతతో పెంచి చూశారు. అవి హఠాత్తుగా చచ్చిపోయేవి. కోసి చూస్తే గుండె నుండి బయలుదేరే బృహద్ధమని పగిలి ఉన్నది. గోడలోని పోగులు ఉన్నవిగాని, వాటి మధ్య ముడులు లేవు.

ఆ 1962లోనే న్యూయార్కులో జాన్ మెంకెస్ అనే వైద్యుడు ఒకే కుటుంబంలోని మగశిశువులకు వచ్చిన వింత వ్యాధిని వర్ణించాడు. వారి జుట్టు పెళుసుగా, మెలికలు తిరిగి ఉండేది. మెదడు ఎదగక, పిల్లలు చిన్నతనంలోనే చనిపోయేవారు. కారణం పదేండ్ల వరకు ఎవరికీ అంతుపట్టలేదు. 1972లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో డేవిడ్ డాంక్స్ అనే పిల్లల వైద్యుడు అటువంటి శిశువుల జుట్టు చూచి, రాగి చాలని గొర్రెల ఉన్నిని జ్ఞాపకం చేసుకొన్నాడు. పరీక్షించి చూస్తే ఆ శిశువుల రక్తంలో రాగి చాల తక్కువగా ఉన్నది. తిన్న ఆహారంలోని రాగిని ప్రేగులు లోనికి పోనీయకపోవడమే పుట్టుకతో వచ్చిన ఆ లోపం. ఆ పిల్లల రక్తనాళాలు మెలికలు తిరిగి ఉండేవి. చర్మం వదులుగా వ్రేలాడేది. మందలోని గొర్రె ఉన్ని మనిషి బిడ్డ వ్యాధికి జాడ చూపినది!

ముడులు వేసే చేతిని కూడ ఈలోగా గుర్తించారు. 1968లో అమెరికాలో షెల్డన్ పినెల్, జార్జి మార్టిన్ అనేవారు ఎముకల నుండి తీసిన రసంలో ఒక ఎంజైమును చూపించారు. దానికి లైసిల్ ఆక్సిడేజ్ అని పేరు. అది కొల్లాజెన్ పోగులలోని లైసీన్ అనే ఆమినో ఆమ్లాన్ని మార్చి, పక్క పోగుతో బంధం ఏర్పడేటట్లు చేస్తుంది. ఆ ఎంజైము పనిచేయాలంటే దానిలో రాగి ఉండవలెను. రాగి లేని పంది ధమని ఎందుకు పగిలినదో, మెంకెస్ శిశువు చర్మం ఎందుకు వ్రేలాడినదో అప్పుడు స్పష్టమైనది.

నల్లగొండ జొన్న

ఇప్పుడు సాగర్ దారి పట్టి నల్లగొండ జిల్లాకు పోదాము. ఆంధ్రదేశంలో నీటిలోని ఫ్లోరైడు ఎముకలను చెడగొట్టడం కొత్త సంగతి కాదు. ఆనాటి మద్రాసు రాజధానిలో ఈ వ్యాధి ఉన్నదని షార్ట్, ఆయన సహచరులు 1937లోనే ప్రకటించారు. వెన్నెముక కట్టెవలె బిగుసుకొనిపోవడం, కీళ్లు వంగకపోవడం దాని లక్షణాలు. ఎముక అవసరానికి మించి గట్టిపడుతుంది.

1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి వర్ణించిన రూపం దీనికి భిన్నమైనది. ఫ్లోరైడు పల్లెలలో ఎదిగే వయసు పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు, మోకాళ్లు రెండూ లోపలికి ఒరసుకొని పాదాలు ఎడంగా పోతున్నవి. వెన్నెముక గట్టిపడుతున్నా, కాళ్ల ఎముకలు గుల్లబారుతున్నవి. ఒకే శరీరంలో ఒక ఎముక బిగుసుకొంటుంటే మరొకటి ఎందుకు మెత్తబడుతున్నది? ఫ్లోరైడు ఒక్కదానితో దీనికి సమాధానం చెప్పడం కష్టం. ఆ పల్లెలలో ముఖ్యాహారం జొన్న. కనుక పరిశోధకుల చూపు జొన్నగింజ మీదికి మళ్లినది.

దీనికి ఒక పాత ఆధారం ఉన్నది. ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతంలో కొన్ని బీళ్లలో మేసిన ఆవులు పారుడు రోగంతో చిక్కిపోయేవి. ఆ గడ్డిలో మాలిబ్డినం అనే లోహం ఎక్కువగా ఉండడమే కారణమని 1938లో ఫెర్గుసన్, ఆయన సహచరులు తెలిపారు. మాలిబ్డినం పశువు శరీరంలో రాగిని పనికిరాకుండ చేస్తుంది. మైలుతుత్తం ఇస్తే ఆవులు కోలుకొన్నవి. నల్లగొండ జొన్నలో కూడ ఇటువంటిదేదైనా ఉన్నదా?

వై.జి. దేవస్థలే, సి. గోపాలన్ దీనిని మనుష్యులలోనే పరీక్షించి 1974లో ఫలితాలు ప్రకటించారు. ఆరోగ్యవంతులైన నలుగురికి మాలిబ్డినం వేర్వేరు పాళ్లలో ఉన్న జొన్న భోజనం పెట్టి, మూత్రంలో పోయే రాగిని కొలిచారు. రోజుకు 160 మైక్రోగ్రాముల మాలిబ్డినం లోనికి పోయినప్పుడు 24 మైక్రోగ్రాముల రాగి బయటికి పోయినది. మాలిబ్డినం 1540 మైక్రోగ్రాములకు పెరిగినప్పుడు 77 మైక్రోగ్రాములు పోయినది. అంటే నష్టం మూడింతలు దాటినది. నాగార్జునసాగర్ జలాశయం వలన భూగర్భ జలమట్టం పెరిగి, నేల క్షారగుణం మారి, జొన్న మొక్క మాలిబ్డినాన్ని హెచ్చుగా పీల్చుకొంటున్నదేమోనన్న ఊహ కూడ ఆ రోజులలో వెలువడినది. ఎముకకు ఆధారం కొల్లాజెన్. కొల్లాజెన్ ముడికి ఆధారం రాగి. రాగి తరిగితే ఎముక వంగుతుంది. వాదం వినడానికి ఎంతో పొందికగా ఉన్నది.

కాని శాస్త్రంలో పొందిక ఒక్కటే చాలదు. 2000 సంవత్సరంలో అమెరికాలో ఎనమండుగురు యువకులపై మరింత కట్టుదిట్టంగా జరిపిన పరీక్షలో, రోజుకు సుమారు 1500 మైక్రోగ్రాముల మాలిబ్డినం ఇచ్చినా శరీరంలోని రాగి స్థితి చెడలేదు. ఆ యువకులు మంచి ఆహారం తినేవారు. నల్లగొండ పిల్లలకు ఫ్లోరైడు నీరు, కాల్షియం చాలని తిండి రెండూ ఉన్నవి. కనుక ఒక పరీక్ష మరొకదానిని పూర్తిగా కొట్టివేయదు. రాగిపై వచ్చిన అనుమానం అనుమానంగానే మిగిలినది. ఫ్లోరైడు చేసిన కీడు మాత్రం నిస్సందేహం. దానికి మందు మంచినీరే. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నం కలిపి తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ అని ఈ జిల్లా పేరే పెట్టారు.

రక్తంలో దొరికిన మూడు గింజల దండ

నల్లగొండ పరిశోధన వెలువడిన 1973లోనే అమెరికాలో రాగి కథ మరొక మలుపు తిరిగినది. కాలిఫోర్నియాలో లారెన్ పికార్ట్ అనే పరిశోధకుడు మనిషి రక్తపు ప్లాస్మాను పరీక్షిస్తూ, కాలేయ కణాల ఆయువును పెంచే ఒక చిన్న పదార్థాన్ని వేరుచేశాడు. ఆ పనిని ఆయన, ఎం.ఎం. థేలర్ కలిసి ప్రకటించారు. ఆ పదార్థం మూడే మూడు ఆమినో ఆమ్లాల దండ: గ్లైసీన్, హిస్టిడీన్, లైసీన్. మాంసకృత్తులలో ఇటువంటి గింజలు వందల కొలది ఉంటాయి. కొద్ది గింజలే ఉన్న దండను పెప్టైడు అంటారు.

ఈ దండకు రాగి మీద ఎంతో మక్కువ. హిస్టిడీన్ గింజ రాగి అణువును పట్టి ఉంచడానికి తోడ్పడుతుంది. రాగిని కణంలోనికి చేర్చడమే ఈ పెప్టైడు పని కావచ్చునని పికార్ట్, ఆయన సహచరులు 1980లో సూచించారు. వయసు పెరిగిన కొలది రక్తంలో ఇది తగ్గిపోతుందని కూడ పికార్ట్ చెప్పాడు. చర్మాన్ని పడుచుగా మార్చే ఆశ మొలకెత్తినది ఇక్కడనే.

1988లో ఫ్రాన్సులోని రీమ్స్ నగరంలో మాకార్, ఆయన సహచరులు చర్మపు కొల్లాజెన్‌ను తయారుచేసే కణాలను గాజుపాత్రలో పెంచి, రాగి పట్టిన ఈ పెప్టైడును కలిపారు. కణాల సంఖ్య పెరగలేదు, కాని అవి తయారుచేసే కొల్లాజెన్ పెరిగినది. అందుకు చాలిన పరిమాణం ఆశ్చర్యకరమైనది. లీటరు ద్రవంలో గ్రాములో పదిలక్షవ వంతు కన్న తక్కువ పదార్థంతోనే ఫలితం అత్యధికంగా కనిపించినది. ఇంకొక విశేషం: ఈ మూడు గింజల వరుస కొల్లాజెన్ పోగులోనే ఒకచోట ఉన్నది. గాయమై కొల్లాజెన్ చీలినప్పుడు ఆ ముక్క విడివడి, ‘ఇక్కడ తాడు తెగినది, కొత్తది పేనండి’ అని పక్క కణాలకు కబురు చేస్తున్నదేమో అని వారు ఊహించారు. 1993లో ఎలుకల గాయాలలో కూడ కొల్లాజెన్ పెరగడం చూపించారు.

పాత్ర నుండి పుండుకు, పుండు నుండి ముఖానికి

గాజుపాత్రలో నెగ్గినది మనిషి మీద నెగ్గుతుందా? పరిశోధకులు మొదట ముఖం ముడతల వద్దకు పోలేదు. మానని పుండ్ల వద్దకు పోయారు. మధుమేహం ఉన్నవారి పాదాలపై పుండ్లు త్వరగా మానినట్లు 1994లో ఒక పరీక్ష తెలిపినది. అంతకు ముందు, 1992లో, కాళ్ల సిరలు చెడి వచ్చిన పుండ్లపై జరిగిన మరొక పరీక్షలో రాగి పెప్టైడు రాసినవారికీ, ఉత్త లేపనం రాసినవారికీ తేడా కనిపించలేదు. అందులో వెండి కలిపిన మందే మెరుగని తేలినది. వైద్యులు మానని పుండుకు నిస్సంకోచంగా వాడదగిన మందుగా రాగి పెప్టైడు నిలదొక్కుకొనలేదు.

పుండు వద్ద తడబడిన పదార్థం అలంకరణ సామగ్రిలో సులభంగా చోటు సంపాదించినది. మందు అయితే వ్యాధిని కుదిర్చినట్లు రుజువు చేయవలెను. అలంకరణ సామగ్రికి అంత బరువైన రుజువు అవసరం లేదు. ముఖచర్మంపై జరిగిన పరీక్షలలో చాలవరకు కొద్దిమందితో, కొద్ది వారాలలో ముగిసినవే. వాటిలో చర్మం కొంత నునుపు, బిగువు పొందినట్లు కనిపించిన మాట నిజం. కాని ఏ లేపనం రాసినా చర్మం తేమ పట్టి కొంత నునుపెక్కుతుంది. రాగి పెప్టైడు చేసిన మేలు ఎంత, లేపనం చేసిన మేలు ఎంత అని విడదీసి చెప్పడానికి పెద్ద పరీక్షలు కావలెను.

మరొక చిక్కు కూడ ఉన్నది. చర్మం పైపొర వట్టి గోడ కాదు, కోటగోడ. ఈ పెప్టైడు చిన్నదే ఐనా నీటిలో కరిగే స్వభావం కలది. పైపొరలోనేమో క్రొవ్వు పదార్థం నిండి ఉన్నది. గాజుపాత్రలో కణం ఎదుటనే మందు ఉంటుంది. సీసా నుండి ముఖానికి రాసిన చుక్కలో ఎంత భాగం కోట దాటి లోపలి కణాన్ని చేరుతుందన్నది అసలు ప్రశ్న. ఆ గోడ దాటించడానికని సూదిమందుగా ఎక్కించుకొనే ధోరణి కూడ ఈ మధ్య బయలుదేరినది. మనుష్యులలో తగిన పరీక్షలు లేకుండ అటువంటి సాహసం చేయరాదు. రాగి మితిమీరితే విషం. శరీరం రాగిని విసర్జించలేని విల్సన్ వ్యాధిలో అది కాలేయంలోను, మెదడులోను పేరుకొని ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంతకు మనిషికి కావలసిన రాగి ఎంత? రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు. పప్పుధాన్యాలు, నువ్వులు, వేరుశనగలు, కాలేయం మొదలైన వాటిలో అది పుష్కలంగా ఉన్నది. తగినంత తినే ఇంటిలో రాగి కరవు అరుదు. చర్మాన్ని వయసుకు మించి ముడతలు పెట్టేవాటిలో ఎండ, పొగాకు ముఖ్యమైనవని నిస్సందేహంగా తేలినది. ఈ రెండింటి నుండి కాపాడుకొనడానికి ఏ సీసా అవసరం లేదు.

ఎల్.బి. నగర్ కూడలిలో నిలబడి చూస్తే ఈ చరిత్ర చెప్పే నీతి తేటగా కనిపిస్తుంది. చర్మంలో రాగి పని ఏమిటో మనకు నేర్పినవి నడుము కూలిన గొర్రెపిల్లలు, ధమని పగిలిన పందులు, బ్రతకని మెంకెస్ శిశువులు. అందరికీ అవసరమైన ఆ జ్ఞానం నేడు ముడతలకు భయపడేవారి సీసాలోనికి చేరినది. రామచంద్రన్ చూపిన మూడు పురుల తాడు దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దం ముందు నిలిచిన వారి ముఖంలోను, సాగర్ దారిలోని పల్లెబాలుని మోకాలిలోను ఒక్కటే. దానికి కావలసిన ముడి కూడ ఒక్కటే. పిల్లవాని కాలు నిలవడానికి మంచినీరు, కడుపునిండ తిండి చాలునని శాస్త్రం గట్టిగా చెప్పగలదు. ముఖం ముడతలకు రాగి పెప్టైడు చాలునని చెప్పడానికి అది ఇంకను సిద్ధంగా లేదు. సీసా కొనబోయేవారు ఈ రెండు మాటల మధ్యనున్న తేడాను గుర్తుంచుకొంటే చాలు.